సర్పగంధి మొక్క: దాని క్షీణతయు, సాగు విధానమును

పాతాళగంధి యనియు సర్పగంధి యనియు పిలువబడు ఈ చిన్న గుబురు మొక్క మూడడుగులకు మించి పెరుగుట అరుదు. కణుపునకు సాధారణముగ మూడేసి ఆకులుండును. పూలు తెలుపు, కొంచెము గులాబి చాయ. పూకాడలు మాత్రము మిక్కిలి ఎఱుపు. కాయలు పండి నల్లబడును. హిమాలయ పాదభూములు మొదలు తూర్పు, పడమటి కనుమల వఱకు తేమగల అడవుల నీడలో ఇది సహజముగ పెరుగుచుండెడిది. ఇప్పుడు వెదకినను దొరకని తావులు పెక్కులు.

దీని వేరు పాముకాటునకును ఉన్మాదమునకును నాటువైద్యములో పూర్వమునుండి వాడుకలో నున్నది. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ గారలు ఇది రక్తపు పోటును తగ్గించునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు గారు రోగులపై పరీక్షించిన ఫలితములను విలాయతు పత్రికలో ప్రచురించిరి. 1952లో స్విట్జర్లాండు రసాయనజ్ఞులు రెసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. అంతట గిరాకి పెరిగి అడవులలో త్రవ్వకము ప్రబలినది.

ఆకో పువ్వో సరకైన యెడల మొక్క మరల చిగుర్చును. ఇచట సరకు వేరే కనుక ప్రతి బేరమునకును ఒక మొక్క చచ్చును. కాయ పండకముందే త్రవ్విన విత్తనము సయితము పోవును. ఉన్న విత్తనములలోను పెక్కు తాలు. నూటికి 10 మొదలు 50 వఱకే మొలచుట కలదు. 1990లో సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలో ఇది చేర్చబడినందున అనుమతి పత్రము లేక దేశాంతరమునకు పంపరాదు. అయినను లోపలి బేరములో అడవి వేరే చౌక. దీనికి బదులుగా అమెరికా జాతి మొక్క వేరును కలిపి అమ్మువారును కలరు. దానికి కణుపునకు నాలుగేసి ఆకులు, అవియు హెచ్చుతగ్గుగా నుండును. నారు కొనునపుడు రైతు దీనిని చూచుకొనవలయును.

వట్టి ఖుష్కీ నేలలకు ఈ పైరు తగదు. తోటచెట్ల పలుచని నీడ, బావి నీరు, ఆకుపెంట కలిసిన మెత్తని నేల కావలయును. నీరు నిలుచు చోట వేరు కుళ్ళును. ఆ యేటి విత్తనమునే తీసికొని, నీటిలో వేసి తేలినవి పారవేసి, మునిగినవానిని వైశాఖ జ్యేష్ఠములలో నారు పోయవలయును. మొలకకు నెల పైబడినను తొందరపడి మడి దున్నివేయరాదు. వానలు కుదిరిన పిమ్మట రెండడుగుల సాళ్ళలో అడుగు దూరమున నాటవలయును. విత్తనము చాలని యెడల వేరు ముక్కలు నాటినను పైరు వచ్చును.

మొదటి యేడు రాబడి యుండదు. సుమారు 18 మాసములకు, చలికాలమున ఆకు రాలినపుడు త్రవ్వుట లాభకరము. ముందు నీరు పెట్టిన వేరు తెగక వచ్చును. ఔషధసారములో నూటికి 90 వంతులు బెరడులోనే యుండును గనుక మన్ను కడుగునపుడు గట్టిగ రుద్దరాదు. ఈ వేరును ఇంట నూరి సేవించుట అపాయకరము. రక్తపు పోటు మితిమీరి పడిపోవును.