ఒంటి కంటికి శుక్లం

ఇంద్రియాలలో కన్ను ప్రధానమని పెద్దల మాట. రెండు కన్నులున్నవారికి శుక్లం ఒక వ్యాధి మాత్రమే. ఒక కన్ను మునుపే పోయి, మిగిలిన కంటికి శుక్లం కమ్మినవారికి అది ధర్మసంకటం. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామాలలో పత్తి కంప గీసుకొనో, ముల్లు గుచ్చుకొనో, బాల్యంలో మశూచి సోకియో ఒక కన్ను కోల్పోయిన వృద్ధులు కలరు. "ఉన్నది కూడా పోతే?" అన్నది వారి ప్రశ్న. అది మూఢత్వం కాదు. సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

కనుపాప వెనుకనున్న స్వచ్ఛమైన కటకం మసకబారడమే శుక్లం. ఉర్దూలో దీనిని మోతియాబింద్ అంటారు. మోతీ అనగా ముత్యం. చుక్కల మందుతో ఇది కరగదు. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. మసకబారిన కటకాన్ని సూదితో ప్రక్కకు నెట్టే పద్ధతి సుశ్రుత సంహితలో కలదు. సుమారు 1000వ సంవత్సరంలో కైరో నగరంలో అమ్మార్ ఇబ్న్ అలీ అను వైద్యుడు బోలు సూదితో శుక్లాన్ని పీల్చివేసే విధానాన్ని వర్ణించాడు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లే కృత్రిమ కటకాన్ని అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ ధ్వని తరంగాలతో శుక్లాన్ని చూర్ణం చేసి తీసే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

ఇక అసలు విషయం. మొదట పరీక్షించవలసినది పోయిందనుకున్న కంటినే. దానికి వెలుతురు తెలుస్తున్నదా? తెలిస్తే, అక్కడా శుక్లమే అడ్డుగా ఉండవచ్చు. అప్పుడు ముందుగా ఆ కంటికే చికిత్స చేయడం క్షేమం. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో మరింత చెడిన కుడి కంటికే శస్త్రచికిత్స చేయించుకొన్నాడు.

ఆ కంటికి ఆశ లేనప్పుడు మిగిలిన కన్నే గతి. కటకపు సంచి చిరగడం, లోపల చీము పట్టడం వంటి ప్రమాదాలు అరుదు. కాని శూన్యం కావు. అందుచేత పనులకు సరిపడు చూపు ఉన్నంతవరకు వైద్యుని పర్యవేక్షణలో వేచి ఉండవచ్చు. అయితే అతిగా ఆగితే శుక్లం గట్టిపడి చికిత్స కష్టమవుతుంది. కొన్నిసార్లు ఉబ్బి కంటి ఒత్తిడిని పెంచుతుంది. కనుక భయంతో ఆగడం వేరు, విచారించి ఆగడం వేరు.

వెళ్ళేముందు వైద్యునికి ఒంటి కన్ను సంగతి స్పష్టంగా చెప్పాలి. అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుని కోరాలి. మధుమేహాన్ని అదుపులో ఉంచాలి. కట్టు కట్టినంతసేపు రోగికి లోకమంతా చీకటే. కొందరికి చుక్కల మందుతోనే మత్తు ఇచ్చి, పారదర్శకమైన తొడుగు వేయగలరు. అది తమకు తగునా అని అడగాలి. పిదప కన్ను నలపరాదు, మురికి నీరు తగలనీయరాదు. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా తెల్లవారేదాకా ఆగరాదు. వైద్యులు వంగవద్దన్న దినాలలో నమాజును కూర్చొని సైగలతో చేసుకొనే సడలింపు మన ధర్మంలో కలదు. కన్ను బాగుపడిన తరువాత కూడ పొలానికి వెళ్ళేటప్పుడు రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి.

విద్యార్థులారా! హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విజయవాడ చేరువలో తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. దారి ఉన్నది, చేయి పట్టి నడిపించువారే కొరత. మీ ఇంటి నానాకో, దాదీకో, పొరుగింటి తాతకో ఆ చేయి మీరందించండి. వారి భయాన్ని ఎగతాళి చేయక, వారి ప్రశ్నను వైద్యుని ముందుంచండి. చదువుకున్నందుకు సార్థకత అదే.