వరినారుకూ దుప్పటి కావాలి

నెదర్లాండ్స్‌లో వసంతాన పూచే ట్యూలిప్ దుంపల పొలాలపై చలికాలంలో గడ్డి పరుస్తారు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో అలాంటి రక్షణ కావలసింది యాసంగి వరినారుకు. డిసెంబరు, జనవరి చలికి ఆకుల్లో పత్రహరితం సరిగా తయారుకాక నారు పసుపెక్కి, గిడసబారుతుంది. నాట్లు ఆలస్యమైతే పైరు ఈనే వేళకు ఎండలు ముదిరి తాలు పెరుగుతుంది.

మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి కోల్పోతుంది. అందుకే సాయంత్రం నారుమడి చుట్టూ కర్రలు పాతి, ఆకులకు తగలకుండా పాలిథీన్ పట్టాలో, యూరియా సంచులతో కుట్టిన పరదాలో కప్పుతారు. పొద్దెక్కగానే తీసేయాలి, మరిస్తే నారు ఉడికిపోతుంది సుమా! రాత్రంతా చల్లబడిన నీటినీ ఉదయం వదిలేసి, కొత్త నీరు పెట్టాలి. బోరునీరైతే మరీ మేలు. ఎందుకో తెలుసా? భూమి లోతుకు చలి అంతగా దిగదు. చలికాలం తెల్లవారుజామున ఆ నీటిలో చేయి పెట్టి చూడండి!