గ్రహం గ్రహాన్ని మింగితే ఎంత పెరుగుతుంది?

ఈ సంచికలో సైన్సు పాఠం నా వంతు. పాఠంతో పాటు ఒక గుడ్డు బాకీ సంగతి కూడా చెప్పాలి.

మన కంప్యూటరు గదిలో బ్రౌజరు తెరిచి ఆడే గ్రహాల ఆట మీకందరికీ తెలుసు. మనం ఒక చిన్న గ్రహం. మనకంటే చిన్నవాటిని మింగుతూ పెరగాలి. పెద్దది వస్తే పారిపోవాలి, లేకపోతే అదే మనల్ని మింగేస్తుంది. 2015లో వచ్చిన అగార్.ఐఓ ఆటలో కణాలు కణాలను మింగుతాయి. ఇదీ అదే తీరు.

పోయిన నెల ఈ ఆట చూస్తూ పందెం వేసుకున్నాం. "మన గ్రహం సరిగ్గా తనంత గ్రహాన్నే మింగితే దాని వెడల్పు రెండింతలు అవుతుంది" అన్నాను నేను. ఏడో తరగతి తమ్ముడు ఒకడు "అంత అవ్వదన్నా" అన్నాడు. నేను తొమ్మిదో తరగతి కదా, అందరూ నా పక్కే మాట్లాడారు. పాపం, వాడు ఆదివారం గుడ్డు నాకు ఇచ్చేశాడు. నేను తినేశాను.

తర్వాత లెక్కల పీరియడులో గోళం ఘనపరిమాణం పాఠం వచ్చింది. అనుమానం వేసి చేసి చూశాను. మీరూ చేయండి.

కావలసినవి: బంకమట్టి, స్కేలు.

చేసే విధానం: 3 సెం.మీ. వెడల్పు ఉండలు ఎనిమిది చేయాలి. ముందు రెండు ఉండలు కలిపి ఒకే ఉండ చేసి కొలవాలి. 6 సెం.మీ. రాదు, 3.8 దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిదీ కలిపితేనే 6 వస్తుంది.

కారణం: ఉండకు వెడల్పు ఒక్కటే కాదు, పొడవు, ఎత్తు కూడా ఉంటాయి. మూడూ రెండింతలు కావాలి. 2×2×2 = 8. తెర మీది గ్రహం ఉత్త వృత్తమే, దానికి ఎత్తు లేదు అంటారా? అప్పుడు వైశాల్యం లెక్క వేసినా 2×2 = 4 కావాలి. ఎలా చూసినా రెండు చాలవు.

ఆకాశంలోనూ ఇదే లెక్క. బృహస్పతి వెడల్పు భూమికి సుమారు 11 రెట్లు. అందులో 11 భూములే పడతాయనుకుంటే పొరపాటు, 1,300 పైగా పడతాయి! సూర్యుడి వెడల్పు 109 రెట్లు. అందులో సుమారు 13 లక్షల భూములు పడతాయి.

ఆటలో నిజం కానిది ఒకటుంది. అక్కడ మింగడం మెత్తగా, క్షణంలో అయిపోతుంది. 1994 జూలైలో షూమేకర్-లెవీ 9 అనే తోకచుక్క ముక్కలు 20కి పైగా వరుసగా బృహస్పతి మీద పడ్డాయి. వాటి వేగం సెకనుకు సుమారు 60 కిలోమీటర్లు. భూమి కంటే పెద్ద నల్లమచ్చలు పడ్డాయి. కానీ బృహస్పతి పెరిగినట్టు ఎవరికీ కనిపించలేదు. మన భూమి కూడా సుమారు 454 కోట్ల ఏళ్ల కిందట రాళ్లు, ధూళి ఢీకొని కలిసిపోగా ఏర్పడిందే. దానికి కోట్ల ఏళ్లు పట్టింది.

పెద్ద తరగతి వాడు చెప్పాడని లెక్క మారదు. తమ్ముడు చెప్పిందే కరెక్టు. వచ్చే ఆదివారం నా గుడ్డు వాడిదే. వార్డెన్ సారూ, ఇక పందేలు వేయను.

మీకొక ప్రశ్న: వెడల్పు మూడింతలు కావాలంటే ఎన్ని ఉండలు కలపాలి? జవాబు చీటీ మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థి