చేయి పడిపోయిన వేళ



నర్సింగు విద్యలో అడుగుపెట్టిన నీవు, మనిషికి ఉన్నట్లుండి చేయి పడిపోయినచో కారణమేమై యుండునని అడిగితివి. కారణములు పెక్కు కలవు తల్లీ; కాని వానిని విచారించుటకు ముందు గడియారము చూడుము. నరముల వ్యాధులలో నెలల తరబడి ముదురునవి ఉండును, దినములలో పెరుగునవి ఉండును. క్షణములో ముఖము ఒక ప్రక్కకు లాగి, చేయి వ్రేలాడి, మాట ముద్దయైనచో మాత్రము, వేరొకటి యని తేలువరకు, దానిని మెదడు రక్తనాళమునకు కలిగిన విపత్తుగనే, అనగా పక్షవాతముగనే ఎంచవలెను.

నాళము రక్తపు గడ్డచే మూసికొనిపోవుట హెచ్చుగా కానవచ్చును. చిట్లుట అంతకంటె తక్కువ. పైకి రెండును ఒకే తీరున కనబడును గనుక, సి.టి. స్కాను చూడక ఎంతటి వైద్యుడును నిశ్చయింపజాలడు. అందుచేతనే ఇంటిలో ఆస్పిరిన్ బిళ్ల మ్రింగింపరాదు. పెద్ద నాళము మూసికొన్నపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని లెక్కగట్టియున్నారు. గడ్డను కరగించు సూదిమందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఆ లెక్క రోగి చివరిసారి బాగుగా కనబడిన వేళనుండి మొదలగును.

ఇక పక్షవాతమువలె తోచునవి. మధుమేహమునకు మందు వాడువానికి రక్తములో చక్కెర పడిపోయినను, మూర్ఛ వచ్చి తగ్గినను, ఒక్కొక్కప్పుడు పార్శ్వపు నొప్పికి ముందును ఇట్టి లక్షణములు కలుగవచ్చును. పాదములనుండి పైకి దినదినము ప్రాకు బలహీనత వేరొక జాతి; ఊపిరి అందకపోవు ప్రమాదము దానికి కలదు గనుక అదియు నాడే ఆసుపత్రికి చేరవలసినదే. జన్మములో ఎరుగనంతటి తలనొప్పి పిడుగువలె ఒక్కసారిగా పడినచో, చేయికాలు బాగుగనే ఉన్నను ఆలసింపరాదు.

నన్ను మిక్కిలి కలతపెట్టునది తనంత తాను తగ్గు లక్షణము. బెల్స్ పాల్సీ అను వ్యాధిలో ముఖనాడి వాచి మూతి వంకరపోవును, నుదురు ముడుతపడదు, కన్ను మూతపడదు; పలువురకు అది కొన్ని వారములలో దానంతటదే నయమగును. ఆ కీర్తి నాటువైద్యపు ఆకుపసరుకును, పావురపు నెత్తురుకును దక్కుచున్నది. దానిని నమ్మియే నిజమైన పక్షవాత రోగిని బండిలో వేసికొని ఆ వైద్యమునకై దూరపుటూళ్లకు కొనిపోవుచున్నారు, దారిలోనే ఆ నాలుగున్నర గంటలును గడచిపోవుచున్నవి. పది నిమిషములు మాట పోయి మరల వచ్చినవాని సంగతియు ఇట్టిదే. బాగైనదని ఇంటిల్లిపాదియు ఊరట చెందుదురు. కాని తరువాతి రెండు దినములలోనే అసలు పక్షవాతము వచ్చు ప్రమాదము హెచ్చు. అట్టివానిని లక్షణము లేనపుడే ఆసుపత్రికి పంపుము.

అట్టి వేళ నీవు ప్రక్కనున్నచో 108కి ఫోను చేయించి, స్కాను సౌకర్యము గల ఆసుపత్రికే చేర్పుమని చెప్పుము. మ్రింగుట చెడియుండవచ్చును గనుక నోట నీరైనను పోయనీయకుము. స్పృహ తప్పినచో ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టుము. గ్లూకోమీటరు ఉన్నచో చక్కెర చూడుము, కాని దానికై వాహనమును ఆపకుము. చివరిసారి బాగుగా ఉన్న వేళను కాగితముపై వ్రాసి, మందుల చీటీలతో జతచేసి పంపుము. రక్తమును పలుచన చేయు బిళ్లలు వాడుచున్నచో ఆ మాట పైన వ్రాయుము, ఏలయన ఆ సూదిమందు ఈయవచ్చునా కూడదా యన్నది చాలవరకు దానిపై ఆధారపడును.

ఇట్లు,
మీ పెదనాన్న