గుడారానికి డబ్బు కాదు, లెక్క కావాలి

చెల్లెళ్లూ, ఈ నెల గోడపత్రికలో పాఠం పద్యం గురించి కాదు, గుడారం గురించి. ఈ మాట మనకు పరాయిది కూడా కాదు. పక్కింటి తమిళంలో కూడారం, హోసూరు దాటితే కన్నడంలో గుడారం, మనకూ గుడారమే. ఇళ్లల్లో మాత్రం ‘డేరా’ అంటాం. ఆ మాట ఉర్దూ దారిన వచ్చి మనింట్లో స్థిరపడింది. మాట మూడు భాషల్లో ఉన్నా, వస్తువు మాత్రం మనలో చాలామందికి అందనిదైపోయింది. క్యాంపు అనగానే ఓ జాబితా వస్తుంది: టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, ట్రెక్కింగ్ బూట్లు. అది చూసి, నోరు మెదపకుండా పేరు వెనక్కి తీసుకునే అమ్మాయిలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఈ పాఠం ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందుగా ఒక అవ్వ కథ

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని ఓ కొండబాట ఉంది. జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా, ఆనాటి కొలత ప్రకారం సుమారు 3,300 కిలోమీటర్లు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ ఆ బాటంతా ఒక్కతే, ఒకే సీజనులో నడిచింది. అలా నడిచిన మొదటి స్త్రీ ఆవిడే. అప్పటికి ఆమె వయసు 67. పదకొండుమంది పిల్లల్ని పెంచిన పల్లెటూరి మనిషి. భర్త చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిని, విడాకులు తీసుకున్న మనిషి.

ఆమె దగ్గర టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. ముతక డెనిమ్ గుడ్డతో తానే కుట్టుకున్న సంచి, భుజాన వేసుకునేది. వానకు స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. చలికి ఒక దుప్పటి. కాళ్లకు మామూలు కాన్వాసు బూట్లు. తిండికి వేరుశనగలు, ఎండుద్రాక్ష లాంటివి. అంతా కలిపినా సుమారు తొమ్మిది కిలోలు దాటేది కాదు.

కథలో రెండో సగం కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు ఏడాది, 1954లో, ఆమె ఒకసారి బయలుదేరి మెయిన్‌లో దారి తప్పింది. కళ్లద్దాలు పగిలాయి. ప్రయాణం మానుకుని వెనక్కి రావలసి వచ్చింది. అంటే ఆమెను ఆపింది ఖరీదైన టెంటు లేకపోవడం కాదు. దారి తెలియకపోవడం, చూపు ఆనకపోవడం. దేనికి బదులు వస్తువు దొరుకుతుందో, దేనికి దొరకదో తెలుసుకోవడమే అసలు పాఠం.

పైకప్పు

హార్డ్‌వేర్ కొట్లో దొరికే టార్పాలిన్ పట్టానే మన గుడారం. కొనేటప్పుడు రంగు కాదు, ‘జీఎస్ఎం’ అడగండి. అంటే ఒక చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 9 అడుగులు, 12 అడుగుల పట్టా దాదాపు 10 చదరపు మీటర్లు. 90 జీఎస్ఎం అయితే 900 గ్రాములు, 120 అయితే కిలో 200 గ్రాములు, 200 అయితే రెండు కిలోలు. ఒకటి రెండు రాత్రులకు 120 చాలు.

రెండు చెట్ల మధ్య నాలుగడుగుల ఎత్తున తాడు బిగించి, 12 అడుగుల వైపు సగానికి వచ్చేలా పట్టాను దాని మీద వేయండి. రెండు పక్కలా ఆరేసి అడుగుల వాలు వస్తుంది. కింద వెడల్పు ఎంత? పైథాగరస్ లెక్క వేస్తే సుమారు 9 అడుగులు. ముగ్గురు హాయిగా పడుకోవచ్చు. రెండు చివర్లూ తెరిచే ఉంచాలి. ప్లాస్టిక్ కింద మన ఊపిరి ఆవిరి నిలిచి, తెల్లారేసరికి లోపలివైపు చెమ్మ కారుతుంది. గాలి ఆడితే అది తగ్గుతుంది.

పట్టాకు కన్నాలు చిరిగిపోయాయా? అంచు దగ్గర ఓ నున్నటి గులకరాయి పెట్టి, పట్టాతో సహా మూటలా ముడిచి, దాని మెడకు తాడు కట్టండి. కన్నం కన్నా గట్టిగా నిలుస్తుంది.

మేకులు, ముడి

మేకుల కోసం వెదురు బద్దలు జానెడున్నర పొడవున కోసి, ఒక కొస చెక్కితే చాలు. మేకు పైకొస గుడారానికి దూరంగా వాలేటట్టు దిగగొట్టాలి. నిటారుగా కొడితే గాలికి ఊడొస్తుంది. ఇసుకలో మేకు నిలవదు. అక్కడ ప్లాస్టిక్ సంచి నిండా ఇసుక పోసి, మెడకు తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు సంచి తవ్వి తీసుకు రావాలి, మరిచిపోకండి.

తాడు సడలితే మళ్లీ విప్పి కట్టనక్కర్లేని ముడి ఒకటి ఉంది. తాడు కొసను మేకు చుట్టూ తిప్పి తెచ్చి, సాగి ఉన్న తాడుకు మేకు వైపుగా రెండు చుట్లు చుట్టండి. తర్వాత ఆ చుట్లకు పైన, గుడారం వైపు, ఇంకొక చుట్టు చుట్టి కొసను దాని కిందనుంచి లాగి బిగించండి. చేత్తో జరిపితే ముడి జరుగుతుంది, బరువు పడితే పట్టుకుంటుంది. కిటికీ ఊచకు చున్నీ కట్టి ఇప్పుడే చేసి చూడవచ్చు.

పడక

చలి పైనుంచి వస్తుందనుకుంటాం. నిజానికి మన ఒంటి వేడిని ఎక్కువగా లాగేది నేల. అందుకని రెండు దుప్పట్లుంటే రెండూ కప్పుకోవద్దు. ఒకటి కింద పరచండి. దాని అడుగున నాలుగైదు పొరల వార్తాపత్రికలు, వాటి అడుగున పాత ఫ్లెక్సు బ్యానరు. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు కట్టిన ఫ్లెక్సులకు మన వీధుల్లో కొదవ లేదు. నీళ్లు ఇంకవు, పైసా ఖర్చు లేదు. కాకపోతే బరువు. మనిషికి సరిపడా ముక్కే కోసుకోండి. పరిచిన ముక్క పైకప్పు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాననీళ్లు దాని మీద పడి, నేరుగా మీ వీపు కిందికే చేరతాయి. దిండు కావాలంటే బట్టల సంచే.

వెలుతురు, తిండి, ఇతరాలు

నీళ్లు నింపిన తెల్లటి సీసాకు టార్చి ఆనించి పెడితే వెలుగు చెదిరి గుడారమంతా పరుచుకుంటుంది. లాంతరు అక్కర్లేదు.

లీటరు నీళ్లంటే కిలో బరువు, దాన్ని తగ్గించలేం. సీసా బరువు మాత్రం తగ్గించవచ్చు. స్టీలు సీసా బదులు ఖాళీ మినరల్ వాటర్ సీసా.

ఒక్క రాత్రికి పొయ్యి ఎందుకు? మనవాళ్ల చద్దిమూట ఉంది. మొదటి పూటకు పులిహోర, మర్నాటికి అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు. అటుకులు చన్నీళ్లకే నానతాయి.

ఇంకొక మాట, మొహమాటపడకుండా. నెలసరి రోజు కాకపోయినా ప్యాడ్లు లేదా శుభ్రమైన గుడ్డలు, చుట్టడానికి కాగితం, మూతి బిగించే కవరు సంచిలో ఉండాలి. వాడినవి అడవిలో పారేయకుండా వెంట తెచ్చుకోవాలి.

పొదుపు చేయకూడనివి

ఇక్కడ బేరం లేదు. గుడారం లోపల స్టవ్వు, కుంపటి, బొగ్గులు పెట్టకూడదు. ఎంత చలైనా సరే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎండాకాలం కొండల మీద నిప్పు రాజేయవద్దు. 2018 మార్చి 11న మన రాష్ట్రంలోనే, తేని జిల్లా కురంగణి కొండల్లో, ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లను కార్చిచ్చు చుట్టుముట్టింది. 20 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎందరో యువతులు. నిప్పు ముందు ఖరీదైన సామాను, చవక సామాను అన్న తేడా లేదు. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి, ‘ఇక్కడికి వెళ్తున్నాం, ఇన్ని గంటలకు వస్తాం’ అని ఇంట్లోనో హాస్టల్లోనో రాసిపెట్టిన కాగితం: ఈ మూడూ లేకుండా కదలవద్దు. పాలిస్టర్, నైలాను బట్టలు నిప్పుకు కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు చుడీదారు మేలు.

కాళ్లకు సరిపోయే బూట్లు, మంచి టార్చి, మందుల పొట్లం, కళ్లద్దాలుంటే రెండో జత. వీటికి మాత్రం డబ్బు దాచుకోండి. ఎమ్మా అవ్వ 1954 గుర్తుంది కదా.

అభ్యాసం

1. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటితో ఒక రాత్రి సామాను జాబితా రాయండి. ప్రతి వస్తువునూ వంటింటి తక్కెడలో తూచి, ఎదురుగా గ్రాములు వేయండి.

2. ఆ జాబితాలో రెండు పనులకు పనికొచ్చేవి ఏవి? (ఉదాహరణకు చున్నీ: తలకు కప్పు, చేతికి కట్టు, నీళ్లకు వడపోత గుడ్డ.) ఒకే పనికి వచ్చే రెండు వస్తువులుంటే ఒకటి కొట్టేయండి.

3. గుంజ, మేకు, పగ్గం, మోకు, ఉచ్చు, ముడి. ఈ మాటల్లో మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా వాడేవి ఏవో, ఏ పనికి వాడతారో అడిగి రాసుకు రండి. తమిళ మాటే మిగిలి ఉంటే అదే రాయండి, తప్పులేదు.

కాగితాలు గోడపత్రిక పక్కనున్న అట్టపెట్టెలో వేయండి. అన్నిటికంటే తేలికైన జాబితా వచ్చే నెల ఇక్కడే అంటిస్తాం. పట్టా ఒకటి డిపార్ట్‌మెంటుకు కొంటే నలభైమందికి వంతులవారీగా సరిపోతుంది. దాని సంగతి కూడా ఆ కాగితం మీదే మీ అభిప్రాయం రాయండి.