అద్దె సర్వరులో డేటా లెక్క ఎలా చూడాలి?



కంప్యూటర్ కోర్సులు చదివే మన పిల్లలు ప్రాజెక్టు కోసం అద్దె సర్వరు తీసుకోవడం ఇప్పుడు మామూలే. డబ్బు కట్టేది తల్లిదండ్రులు. ఆ బిల్లులో డేటా ట్రాన్స్‌ఫర్ అనే పద్దు ఒకటి ఉంటుంది. అది అర్థం కావాలంటే వర్చువల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ గురించి తెలియాలి. నేను కామర్స్ చదివి, బ్యాంకులో లెడ్జర్లు రాసి రిటైరయిన వాణ్ణి. అయినా ఇది నాకు తేలిగ్గానే అర్థమయింది. ఎందుకో చెబుతాను.

హోస్ట్ అనే ఒక పెద్ద కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ సాయంతో అనేక వర్చువల్ మెషీన్లు నడుపుతారు. మెషీన్లు ఇరవై ఉన్నా అసలు నెట్‌వర్క్ కార్డులు ఒకటో రెండో. అందుకని ఒక్కో మెషీనుకు ఒక ఉత్తుత్తి కార్డు తయారుచేసి ఇస్తారు. దానికీ మ్యాక్ అడ్రసు ఉంటుంది. లోపలి లినక్స్ దాన్ని ఈథ్ 0 అని పిలిచి, నిజం కార్డులాగే వాడుకుంటుంది.

ఈ కార్డుకు రెండో కొస హోస్ట్‌లో ఉంటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2003లో విడుదలైన జెన్‌ను చూద్దాం. అందులో 3వ నంబరు మెషీను మొదటి కార్డుకు హోస్ట్ వైపు పేరు విఫ్ 3.0. మధ్యలో తీగ లేదు. ఇద్దరూ పంచుకునే మెమరీ ద్వారానే ప్యాకెట్లు చేతులు మారతాయి. బ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్చి ఈ విఫ్‌లన్నిటినీ అసలు కార్డుతో కలుపుతుంది.

ఇక లెక్క. ప్రతి ఇంటర్‌ఫేసుకూ లినక్స్ రెండు పద్దులు రాస్తుంది. అందుకున్నది ఆర్ఎక్స్, పంపింది టిఎక్స్. మీ మెషీను 100 ఎంబి బయటికి పంపితే ఈథ్ 0లో అది టిఎక్స్. హోస్ట్‌లోని విఫ్ 3.0లో అదే ఆర్ఎక్స్! మీరు బ్యాంకులో రూ. 500 కడితే మీ క్యాష్ బుక్కులో డెబిట్, పాస్‌బుక్కులో క్రెడిట్ పడటం లాంటిదే. ఎవరి పుస్తకం వారిది, రెండూ సరైనవే. చాలా కంపెనీలు బయటికి వెళ్ళిన డేటాకే డబ్బు తీసుకుంటాయి. హోస్ట్ వైపు నుంచి చూసేవారు దాన్ని ఆర్ఎక్స్‌లో వెదకాలి.

మరో చిక్కుంది. ఒకే బ్రిడ్జ్ మీది రెండు మెషీన్లు మాట్లాడుకుంటే ఆ ప్యాకెట్లు అసలు కార్డు దాకా వెళ్ళవు. కానీ విఫ్ లెక్కలో పడతాయి. దానికి చార్జీ ఉందా అని ముందే అడగండి. జెన్‌లో మెషీను రీబూట్ అయితే కొత్త నంబరు వస్తుంది. విఫ్ 3.0 పోయి విఫ్ 8.0 కావచ్చు, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. రోజూ క్లోజింగ్ రాసినట్లు అంకెలు విడిగా రాసిపెట్టుకోవలసిందే.

ఇంట్లో లినక్స్ ఉంటే కేవీఎం ఉచితం. అందులో హోస్ట్ వైపు కొసను సాధారణంగా వినెట్ 0 అంటారు. మెషీను లోపలి నుంచి హోస్ట్‌కు పెద్ద ఫైలు ఒకటి పంపండి. రెండు వైపులా 'ఐపి -ఎస్ లింక్' ఆదేశం ఇచ్చి, లోపలి టిఎక్స్ పక్కన వినెట్ 0 ఆర్ఎక్స్ రాసి చూడండి.