రామగిరి ఖిల్లా కింద బైకు రైడర్లకు రాత్రి బస: సబ్సిడీ లోన్ తీసుకునే ముందు ఏం లెక్క వేసుకోవాలి?

ఈ పాఠం ఎవరికి?
రామగిరి మండలంలో సొంత జాగా ఉండి, బైకుల మీద వచ్చేవాళ్లకు టెంట్లు, భోజనం పెట్టి ఉపాధి పొందాలనుకునే మహిళలకు, నిరుద్యోగ యువతకు.

ఇక్కడికి ఎవరు వస్తారు?
హైదరాబాద్, కరీంనగర్ వైపు నుంచి రైడర్లు రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాకా వచ్చి, మంథని దారి పట్టొచ్చు. ఖిల్లా, సబ్బితం జలపాతం, మంథని గోదావరి ఒడ్డు, ఇంకా ముందుకు పోతే కాళేశ్వరం, ఇవన్నీ ఒకే చుట్టులో చూడొచ్చు. రామగుండం ప్రాంతం ఎండలు మీకు తెలిసినవే. ఏప్రిల్, మే నెలల్లో టెంటులో ఎవరూ పడుకోరు. అసలు సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. శ్రావణ మాసంలో ఖిల్లా ఎక్కేవాళ్లతో ఇంకో నెల కలుస్తుంది. అంటే ఏడాదికి 5 నెలలే గిరాకీ. బ్యాంకు కిస్తీ మాత్రం 12 నెలలూ కట్టాలి. ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సిన అసలు మాట ఇదే.

ఏ పథకం?
ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం. 2008లో మొదలైంది. సేవా రంగంలో 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. 18 ఏళ్లు నిండాలి. 5 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి. గ్రామంలో పెట్టే యూనిట్‌కు మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులు, మాజీ సైనికులకు 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. మిగతావారికి 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 10 శాతం. పెద్దపల్లి జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది ముందు కనుక్కోండి.

నాలుగు విషయాలు మరవొద్దు:
1. కొత్త యూనిట్‌కే లోన్. ఇప్పటికే నడుస్తున్నదానికి రాదు.
2. భూమి కొన్న ఖర్చు ప్రాజెక్టులో కలవదు.
3. మందు అమ్మే, పోసే చోటుకు ఈ పథకం వర్తించదు.
4. సబ్సిడీ మీ చేతికి రాదు. 3 ఏళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. తర్వాత తనిఖీ చేసి, యూనిట్ నడుస్తుంటేనే లోన్‌లో జమ చేస్తారు. మధ్యలో మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మీ మీద మిగులుతుంది.

లెక్క ఎట్లా వేయాలి? (ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఊరి రేట్లతో మళ్లీ వేసుకోండి.)
రెండు మరుగుదొడ్లు, బాత్రూంలు, సెప్టిక్ ట్యాంకు: 1,20,000
రేకుల షెడ్డు: 60,000
8 టెంట్లు, పరుపులు: 50,000
నీళ్ల ట్యాంకు, మోటారు, లైట్లు: 40,000
వంట సామాను: 20,000
మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్: 10,000
మొత్తం: 3,00,000 రూపాయలు

ఒక అక్క దరఖాస్తు పెట్టిందనుకుందాం. సొంత వాటా 15,000. సబ్సిడీ 1,05,000. ఆమె కట్టాల్సిన అసలు 1,80,000. వడ్డీ 11 శాతం, 5 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 4,000 కిస్తీ. కరెంటు, కాపలా మనిషికి ఇంకో 5,000. నెలకు 9,000, ఏడాదికి 1,08,000.

ఒక్కో రైడర్ దగ్గర బస, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి 600 తీసుకుంటే, సరుకులు, గ్యాస్, దుప్పట్లు ఉతికిన ఖర్చు పోను 300 మిగులుతుందనుకోండి. నెల లెక్క చూస్తే 30 మంది వస్తే చాలనిపిస్తుంది. ఏడాది లెక్క చూస్తే 360 మంది రావాలి. అది 5 నెలల్లోనే రావాలి. అంటే నెలకు 72 మంది, వారానికి 18 మంది. ఇంతమంది వచ్చినా ఖర్చులే వెళ్తాయి, మీ కూలి ఇంకా రాలేదు.

కాబట్టి దరఖాస్తు కంటే ముందు సీజన్‌లో నాలుగు శని, ఆదివారాలు ఖిల్లా కింద నిలబడి దూరం నుంచి వచ్చిన బైకులు లెక్కపెట్టండి. "రాత్రి ఉంటారా? ఎంత ఇస్తారు?" అని అడగండి. 18 మంది దొరకరనిపిస్తే 8 టెంట్లు కాదు, 4 చాలు. కాపలా మనిషిని సీజన్‌కే పెట్టుకోండి. మిగతా నెలల్లో అదే షెడ్డులో టిఫిన్ సెంటర్ నడపొచ్చు. ఆ సంగతి ప్రాజెక్టు రిపోర్టులో ముందే రాయించండి.

జాగా సంగతి
మనది బొగ్గు ప్రాంతం. ఆ సర్వే నంబర్ సింగరేణి లీజులో గానీ, భూసేకరణలో గానీ ఉందా అని తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కు దూరంగా ఉండాలి. గుట్ట మీద, అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంటు వేయొద్దు. సాగు భూమి అయితే నాలా మార్పిడి, గ్రామ పంచాయతీ అనుమతి కావాలి. వంటకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకోండి.

రైడర్ ఏం చూస్తాడు?
బైకు కళ్ల ముందు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి. మెత్తటి మట్టిలో సైడ్ స్టాండు దిగబడి బండి పడిపోతుంది. స్టాండు కింద పెట్టడానికి చిన్న బండలు ఉంచండి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉండాలి, ఆడవాళ్లకు వేరుగా, లోపల గడియతో ఉండాలి. ఫోన్ చార్జింగ్, వేడి నీళ్లు, పంక్చర్ వేసే మనిషి నంబర్ ఉంచండి. బొగ్గు లారీలు తిరిగే దారి కాబట్టి చీకటి పడకముందే చేరుకోమని ముందే ఫోన్‌లో చెప్పండి. ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు, బండి నంబర్ రిజిస్టర్‌లో రాయండి. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఆధార్, పాన్ కార్డు, కుల ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌బుక్ లేదా లీజు కాగితం, బ్యాంకు పాస్‌బుక్, ఫొటో, ప్రాజెక్టు రిపోర్టు, గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం. సబ్సిడీ ఇప్పిస్తామని కమీషన్ అడిగే దళారులకు ఒక్క రూపాయి ఇవ్వకండి.